కూరగాయల అరలో చలికాలం

ఈ ఉదయం పచ్చిమిరపకాయల కోసం ఫ్రిజ్ కింది అర లాగితే, తడి కాగితం పొట్లాన్ని చీల్చుకుని ఊదారంగు మొలక ఒకటి తొంగిచూస్తోంది. "అత్తయ్యగారూ, లేచింది!" అని ఒక్క కేక పెట్టాను. ఎవరు లేచారోనని మా ఆయన సగం గడ్డంతో పరుగెత్తుకొచ్చారు.

అది హోస్టా. చలిదేశపు మొక్క. నేను కాకినాడ నుంచి కోడలిగా సింగపూర్‌లోని ఈ బుకిట్ బటోక్ ఫ్లాట్‌కి వచ్చిన కొత్తలో, మా అత్తగారు దాన్ని మొక్కల దుకాణంలో చూసి మనసు పారేసుకున్నారు. అరచేయంత ఆకు, నడుమ నీలం కలిసిన ఆకుపచ్చ, చుట్టూ వంకరటింకరగా వెన్నరంగు అంచు. రోజులు గడిచేకొద్దీ ఆ అంచు తెల్లబడుతుందని కుండీకి గుచ్చిన చీటీలో ఉంది. ఇంగ్లీషు పేరూ ఉంది, ఓడ పేరంత పొడుగ్గా. "ఇదేం పేరమ్మా, నోరు తిరగదు! బతికి బట్టకడితే మనమే పెట్టుకుందాం," అన్నారావిడ. ఆవిడ పుట్టి పెరిగింది ఇక్కడే, వాళ్ళ తాతల నాటి తెలుగుతో.

కొన్నాళ్ళకే ఆకులన్నీ పండి రాలిపోయాయి. చలికాలం నిద్ర లేనిదే అది బతకదన్నాడు దుకాణం అతను. నాకూ అప్పట్లో ఈ ఊరు పడలేదు. ఉక్కకీ బెంగకీ తిండి సయించక చిక్కి సగమయ్యాను. ఆ మోడుని చూస్తే నా గతీ ఇంతేననిపించి ఏడుపొచ్చేసింది. అత్తగారు నన్నోసారి, కుండీనోసారి చూశారు. "చలేగా కావాలి? బోలే!" అన్నారు. బోలే అంటే అవుతుందని. ఆవిడ మాటల్లో మలయ్ ఎప్పుడు దూరుతుందో ఆవిడకే తెలియదు. దుంప తవ్వి, పొట్లం కట్టి, కరివేపాకు పక్కన పడుకోబెట్టేశారు. దోసెల పిండికి చోటు లేదని నేను గొణిగినా కదపనిస్తేగా! "అమ్మా, ఓ రోజు చేమదుంపనుకుని పులుసు పెట్టేస్తాం లా," అని, ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం చివర ‘లా’ తగిలించి, మా ఆడపడుచు ఒకటే ఏడిపించేది.

నెలలు గడిచాక తీసి వరండాలో నాటితే, చుట్టుకున్న ఆకు ఒకటి పైకొచ్చి, అంచుతో సహా విచ్చుకుంది. అత్తగారి సంబరం చెప్పతరమా! ఏకంగా బారసాలే చేసేశారు. పక్క ఫ్లాట్ల ఆంటీలందరూ చుట్టూ చేరితే, పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాశారు: కోడలు.

అందరూ గొల్లున నవ్వారు. "నవ్వుతారేం? ఎక్కడినుంచో వచ్చింది, అలిగింది, ఇప్పుడు మనింట్లో నిలబడింది. వేరే పేరెందుకు పెడతాను?" అన్నారావిడ, నా చెయ్యి పట్టుకుని. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ పూట పాయసం మారు అడిగి మరీ తిన్నాను.

అప్పటినుంచీ ఏటా దానికి ఆ అరలోనే చలికాలం. ఇవాళ మొలకని కుండీలో పెడుతుంటే, అత్తగారు కుర్చీలోంచే అజమాయిషీ చేస్తూ, నా చెంపల దగ్గరి జుట్టుకేసి చూసి ముసిముసిగా నవ్వారు. చీటీలో రాసింది నిజమే. రోజులు గడిచేకొద్దీ కోడలి అంచు తెల్లబడుతుంది.