కంటి తూముకు బిరడా

మిరపకాయ ఏరడం చేతి పని అని చాలామంది అనుకుంటారు. అది కంటి పని. కల్లంలో టార్పాలిన్ పరదా మీద ఎండిన కాయ కుప్ప పోసి ఉంటుంది. నిగనిగలాడే ఎర్రకాయను ఒక పక్కకు తోసి, తెల్లబారినదాన్ని, మచ్చ పడినదాన్ని, తొడిమ దగ్గర నల్లబడినదాన్ని ఇంకో పక్కకు తీసెయ్యాలి. ఆ పనికిరాని కాయను తాలు అంటాం. తాలు కలిసిన బస్తాను ఖమ్మం మార్కెట్టులో చెయ్యి పెట్టి చూసి పెదవి విరుస్తారు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి మా ఇంటి తాలు ఏరింది నేనే. కూలికి ఎంతమంది ఆడవాళ్ళు వచ్చినా ఆఖరి చూపు నాది. గొప్పకు చెప్తోంది అనుకుంటే అనుకోండి, గొప్పకే చెప్తున్నాను.

అలాంటిదాన్ని ఒక ఏడాది మంచి కాయను తాలులో వేశాను. ఒకటీ రెండూ కాదు, గంపెడు. పక్కన కూర్చున్న మా తోటికోడలు చూసి, "అక్కా, ఇవి మంచి కాయలే గదా" అంది. నాకు చూపు మసకబారుతోంది, రెప్ప కొడితే తేటపడుతోంది, మళ్ళీ మసకబారుతోంది. కళ్ళలో ఇసుక పోసినట్టు గరగర. పొద్దున లేస్తే రెప్పలు కంటికి అతుక్కుపోయి, విడదీసేటప్పుడు ప్రాణం పోయేది. కాయ కోతకు మనుషుల్ని మాట్లాడడానికి ఏటా భద్రాచలం అవతలి అడవి ఊళ్ళకు పోతాం. ఆ బస్సులో కిటికీ గాలికి తాళలేక, పాల్వంచ దాటింది మొదలు గోదావరి వంతెన దాకా కళ్ళు మూసుకునే కూర్చునేదాన్ని. ఎండ అన్నారు, చత్వారం అన్నారు, పొయ్యి పొగ అన్నారు. నందివర్ధనం పూలు తడిపి రెప్పల మీద పెట్టుకున్నాను. పొన్నగంటి కూర అయితే, ఆ ఆకు కంటపడితేనే చిరాకు పుట్టేదాకా తిన్నాను.

ఖమ్మంలో కళ్ళ డాక్టరమ్మ నా కింది రెప్పల్లో సన్నటి కాగితం ముక్కలు పెట్టి కాసేపు కళ్ళు మూసుకోమంది. తీసి చూపించింది. కొస మాత్రం తడిసింది, మిగతాదంతా పొడి.

"మీకు కన్నీళ్ళు సరిగ్గా ఊరడం లేదమ్మా. తడి లేక నల్లగుడ్డు మీద గీతలు పడుతున్నాయి. ఇట్లాగే వదిలేస్తే మచ్చలు పడతాయి. మచ్చ పడితే చూపు తగ్గుతుంది" అంది.

ఏడవడానికి కూడా పనికిరాని కళ్ళని తెలిసి నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చుక్కల మందు రాసిచ్చింది. ఇంట్లో ఉన్నంతసేపు అది బాగానే ఉండేది. కల్లంలో కూర్చుంటే మాటిమాటికీ లేచి, సబ్బుతో చేతులు కడుక్కుని, చుక్కలు వేసుకుని మళ్ళీ కూర్చోవాలి. మిరప చేతులు ఎంత కడిగినా మిరప చేతులే. సీసా మూత తిప్పేటప్పుడు అంటుకున్న కారం చుక్కతో పాటు కంట్లోకే దిగేది.

అప్పుడు మా ఆయన మొదలుపెట్టాడు. మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఇప్పుడు పామాయిలే. దమ్మపేట రోడ్డెక్కితే అటూ ఇటూ ఆ తోటలే కనిపిస్తాయి.

"ఇంక మిర్చి బంద్ జేద్దాం. మనం గూడ పామాయిల్ ఏసుకుందాం. ఎండబెట్టుడు లేదు, ఏరుడు లేదు. గెలలు కోసుడు, ట్రాక్టర్ల ఏసి ఫ్యాక్టరీకి తోలుడు. నీ కండ్లు గూడ బాగుంటయి."

ప్రేమగానే అన్నాడు. అందుకే నాకు ఇంకా మండింది. పొడుగాటి కర్రకు కొడవలి కట్టి గెలలు నరికేది మగవాళ్ళు. మోసేది మగవాళ్ళు, తోలేది మగవాళ్ళు. ఆ తోటలో నేను చేసేదల్లా సద్ది పట్టుకుపోయి గట్టు మీద నిలబడడం. మిరప చేలో నారు పోసిన దగ్గర్నుంచి బస్తా కుట్టేదాకా నా చెయ్యి పడని పని లేదు. ఆ మాటే ఆయనతో చెప్పాను.

"నాకు పని లేని చేను నాకొద్దు."

"గుడ్డిదానివైతే ఏ చేన్ల పని జేస్తవ్?" అన్నాడు.

చివరికి ఒక మాట మీదకు వచ్చాం. ఈసారి కాయ అమ్ముడుపోయేలోపు నా కళ్ళు దారికొస్తే మిర్చి ఉంటుంది. లేకపోతే వానలకు పామాయిల్ మొక్కలు నాటుతాం. నేనే అన్నానా మాట.

ఇద్దరం కలిసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆమె అద్దంలో నా కింది రెప్పను కిందికి లాగి, ముక్కు పక్కన సూదిమొన అంత రంధ్రం చూపించింది. పై రెప్పకు ఒకటి, కింది రెప్పకు ఒకటి. కంట్లో ఊరిన నీళ్ళు ఆ రంధ్రాల్లోంచి ముక్కులోకి పోతాయట. "ఊరేది పెంచలేకపోతున్నాం. ఊరిన కాస్తయినా పోకుండా ఆపుదాం" అంది.

"తూము మూసినట్టు" అన్నాడు మా ఆయన. కాలువ కింద పెరిగిన మనిషి, వెంటనే పట్టేశాడు.

ముందు కొన్నాళ్ళకు వాటంతటవే కరిగిపోయే బిరడాలు పెట్టింది. పడతాయో లేదో చూడడానికన్నమాట. అవి కంట్లో ఉన్న రోజుల్లోనే కోత మనుషుల కోసం భద్రాచలం పోవాల్సి వచ్చింది. ఆ బస్సులో చాలా ఏళ్ళ తర్వాత కళ్ళు తెరుచుకుని అడవిని చూశాను. టేకు ఆకులు, రోడ్డు పక్కన ఆరబోసిన ధాన్యం, ఇప్పచెట్టు కింద మేకలు. చూడడానికి అంత గొప్పవేం కావు. నాకు మాత్రం డ్రైవర్ బ్రేకు వేసిన ప్రతిచోటా సంతోషంగా ఉంది. వచ్చాక, రెండు కళ్ళ కింది రెప్పలకూ కరగని రకం పెట్టించుకున్నాను. సిలికాన్ బిరడాలు, ఆవగింజలో సగం కూడా ఉండవు. కళ్ళు నలపొద్దు, ముఖ్యంగా ముక్కు వైపు వేలు పెట్టొద్దు అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నేను నలపలేదు. నా వేళ్ళను నేను అదుపులో పెట్టుకున్నాను.

కానీ మా ఊళ్ళో కంట్లో ఏదైనా పడితే నలిపేది సొంత వేళ్ళు కాదు. పక్కన ఏ ఆడమనిషి ఉంటే ఆమె చీర కొంగు ఉండలా చుట్టి, దానిలోకి నోటి ఆవిరి హుఫ్ హుఫ్‌మని ఊది, ఆ వెచ్చటి ఉండను కంటికి అద్దుతుంది. ఎవరూ అడగక్కర్లేదు. పసిపిల్లలకు, ముసలివాళ్ళకు, ముక్కూ మొహం తెలియని కూలివాళ్ళకు కూడా చేస్తారు. నేను ఎందరికి చేశానో.

మొదటి కోత కాయ ఎండాక, కుప్ప తిరగేస్తుంటే గాలి మళ్ళి పొట్టు ఎగిరి నా కుడికంట్లో పడింది. "అమ్మా" అన్నానేమో. మా తోటికోడలు ఒక్క ఉదుటున లేచింది. నా తల తన పొట్టకు ఆనించుకుని, కొంగు ఉండ చుట్టి, ఆవిరి ఊది అద్దింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇంకోసారి అద్దింది. మూడోసారి, కారం అంతా రావాలని, ముక్కు వైపుకు గట్టిగా తిప్పి తీసింది. మంట తగ్గింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు.

అద్దం తెచ్చుకుని చూస్తే మూలన బిరడా లేదు. కొంగు విప్పి దులిపాం, లేదు. ఇక ఆ మధ్యాహ్నమంతా కుప్ప ముందు గొంతుక్కూర్చుని, ఆవగింజలో సగం లేని బిరడా కోసం మిరపకాయల్లో వెతికాం. మిరప గింజలు ఎన్ని దొరకాలో అన్ని దొరికాయి. అడవి ఊళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళు కూడా పని ఆపి వెతికారు. ఏం పోయిందని వాళ్ళలో పెద్దావిడ అడిగితే, "మా అక్క కంటి మూత" అని మా తోటికోడలు చెప్పింది. ఆవిడ తన భాషలో మిగతావాళ్ళకు అది చెప్పగానే, అందరూ నా మొహం వంక భయంగా చూశారు. ఆ చూపులకు నాకు నవ్వు రావాల్సింది. రాలేదు.

"కండ్ల జోలికి రావొద్దని చెప్పిన్నా లేదా? చేతులు ఊకుంటయా నీకు?" అని విరుచుకుపడ్డాను.

"నువ్వు మండుతుందంటే నేను చూస్కుంట ఎట్ల కూసుంట అక్కా?" అంది. చెంపల మీద ధారగా కన్నీళ్ళు కారిపోతున్నాయి ఆమెకు. నాకు జాలి వేసింది. దానికంటే ముందు, సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ నీళ్ళు చూసి కుళ్ళు పుట్టింది.

మళ్ళీ ఖమ్మం. డాక్టరమ్మ రెండు దార్లు చెప్పింది. ఒకటి, ఇంకాస్త పెద్ద సైజు బిరడా. నచ్చకపోతే తీసేయొచ్చు. రెండోది, రంధ్రాన్ని సన్నటి వేడి తీగతో కాల్చి మూసెయ్యడం. అది ఊడదు. అలాగని వద్దనుకుంటే మళ్ళీ తెరవడం కష్టం. రేపు నీళ్ళు ఎక్కువైతే చెంపల మీద కారుతూనే ఉంటాయి. ఒక్కొక్కరికి కాల్చినా మళ్ళీ తెరుచుకోవచ్చు.

"ఇంకో సంగతి. దారి మూస్తే కంట్లో పడిన దుమ్మూ కారం కూడా తొందరగా పోవు. మిర్చి పని మానగలరా?" అంది.

"మానలేను."

కసురుకుంటుందనుకున్నాను. ఆమె మందుల చీటీ దగ్గరికి లాక్కుని, "అయితే గాలి చొరని అద్దాలు పెట్టుకుని కూర్చోవాలి. లేచాక నేనిచ్చే మందునీళ్ళతో కడుక్కోవాలి. చుక్కలు మానొద్దు. మీరిద్దరూ ఆలోచించుకుని రండి" అంది.

బయట బెంచీ మీద కూర్చోగానే మా ఆయన చొక్కా చెయ్యి పైకి లాగాడు. మణికట్టు పైన మూడు వాతలు. చిన్నప్పుడు కామెర్లకు పెట్టినవి. పెళ్ళయిన కొత్తలో నేనడిగితే పొలంలో కాలిందని చెప్పాడు.

"సూది కాల్చి పెట్టిన్రు. నలుగురు వట్టుకున్నరు నన్ను. ఇప్పటికీ పొయ్యి కాడ ఇనుము ఎర్రగైతే నేను లేచి బయటికి పోత. గిది కన్ను. వద్దు."

చొక్కా చెయ్యి కిందికి దించేశాడు. ఇన్నేళ్ళలో ఆయన దేనికైనా భయపడడం నేను చూడలేదు. నాకూ భయం లేదని కాదు. తిరిగి రాని దారి అంటే ఎవరికి భయం ఉండదు? ఏ పెళ్ళికి పోయినా, ఏ పేరంటానికి పోయినా కళ్ళు కారుతూ, "ఏమైందమ్మా" అని అడిగేవాళ్ళకు జీవితాంతం జవాబు చెప్పుకోవాలేమో. బిరడా మేలని ఆయన అన్నాడు, ఫోన్లో మా అన్న అన్నాడు, బెంచీ మీద మా పక్కన కూర్చున్న, సంబంధం లేని ముసలాయన కూడా అన్నాడు. వద్దనుకుంటే తీసెయ్యొచ్చు కదా అని. వాళ్ళకు అదే దాని గొప్ప. నాకు అదే దాని లోపం. మా ఊళ్ళో కంటికి కొంగు అద్దనివ్వకుండా బతకడం అయ్యే పని కాదు. ఎన్నిసార్లు పెట్టించుకున్నా, ఎవరో ఒకరు ప్రేమగా ఊడదీస్తారు. నేను మళ్ళీ తిడతాను. ఈలోపు సీజన్ అయిపోతుంది.

"నిన్ను నలుగురు వట్టుకున్నరు. నన్ను ఒక్కరు గూడ వట్టుకోవద్దు. నేనే కూసుంట" అన్నాను.

ఆయన లోపలికి రాలేకపోయాడు. కంట్లో మొద్దుబార్చే చుక్కలు వేశారు, రెప్పకు చిన్న సూది ఇచ్చారు. నిజంగా నొప్పెట్టింది ఆ సూదే. తర్వాత వెంట్రుక కాలిన వాసన వచ్చింది. తల కదలకుండా పైకప్పు వైపే చూడమన్నారు, చూశాను. కుర్చీ చేతులను మాత్రం గట్టిగా పట్టుకున్నాను. కుడికన్ను కింది రెప్ప ఒక్కటే ఆ రోజు. అది కుదిరాక, రెండో కోత ఎండేలోపు ఎడమకంటి బిరడా తీయించి అది కూడా చేయించుకున్నాను. పై రెప్పల రంధ్రాలు అలాగే వదిలేశారు. అవసరమైతే చూద్దామన్నారు, ఇప్పటిదాకా అవసరం రాలేదు.

ఇక ఆ అద్దాలు. మా మరిది వెల్డింగ్ అద్దాల్లాంటివి తెచ్చిచ్చాడు, చుట్టూ రబ్బరు అంచుతో. అవి పెట్టుకుని కల్లంలోకి వస్తే, "వదినా, గేటు విరిగింది, జర అతికించు" అని వాడే మొదలుపెట్టాడు. అడవి ఊళ్ళ ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. నవ్వనీ. కళ్ళు ఒక్క వారంలో బాగైపోలేదు. గాలి దుమ్ము ఉన్న రోజు గరగర ఉండేది, మందు మాననూ లేదు. కానీ పొద్దున రెప్పలు అతుక్కోవడం పోయింది. మెల్లగా, కాయకూ కాయకూ మధ్య తేడా మళ్ళీ కనిపించసాగింది. అంచున సన్నటి తెల్ల చార ఉన్న కాయ కూడా చేతికి రాకముందే తెలిసిపోయేది.

చివరి కోత కుప్ప పెద్దది. మచ్చ కాయ ఎక్కువ. కూలివాళ్ళు ఏరిన కుప్పను నేను మళ్ళీ పట్టాను. మా తోటికోడలు ఎదురుగా కూర్చుంది, చేతులు తన ఒళ్ళోనే ఉంచుకుంది పాపం. పొద్దు వాలేసరికి ఎర్ర కుప్ప ఒక పక్క, తాలు ఒక పక్క. మా ఆయన బస్తాలు పట్టుకొచ్చి, కుట్టే ముందు ఎర్ర కుప్పలో మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగునుంచి గుప్పెడు తీశాడు. వెలుగుకు పట్టి చూశాడు. ఇంకోచోట తీశాడు. తాలు కుప్పలో కూడా చెయ్యి పెట్టి చూశాడు, మంచి కాయ పడిందేమోనని. నేను అద్దాలు తీసి ఆయన చేతినే చూస్తూ నిలబడ్డాను. మాట ఇచ్చింది నేను. ఓడితే పామాయిల్ నాటనివ్వాల్సింది నేను.

ఆయన చేతిలోని కాయలు కుప్ప మీద వేసి, చేతులు దులుపుకున్నాడు.

"వచ్చేయేటికి నారు ఏడ పోద్దాం?" అన్నాడు. "బోరు కాడి మడి అయితే నీకు దగ్గరైతదా?"

దగ్గరే అన్నాను. నా కళ్ళు నిండాయి. కింద పోయే దారి లేక ఆ నీళ్ళు అక్కడే నిలిచాయి. తుడుచుకోబుద్ధి కాలేదు.