పన్నీటి బుడ్డితో కేసముద్రం ఎండలో నాలుగు మైళ్లు

ఎనభైల మొదట్లో, మే నెల. అక్క మరిది పెళ్లికి నేను ముందురోజే బయలుదేరాను. అక్క పెళ్లిలో వాళ్ల అత్తగారి వైపు ఆడవాళ్లు "చిన్నది జర నలుపే" అనుకోవడం నా చెవిన పడింది. ఈసారి కమిలిన ముఖంతో వాళ్ల గడప తొక్కకూడదని పంతం పట్టాను. ఎండకు కమలకుండా ముఖానికి రాసుకునే క్రీములు అప్పట్లో మాకు తెలియవు. పన్నీరు చల్లుకుంటే చాలని ఎవరో చెప్పారు. పెళ్లిళ్లలో పన్నీరు చల్లే మా వెండి బుడ్డిని నింపి, మూతికి రుమాలు కట్టి సంచిలో వేసుకున్నాను. పందొమ్మిదేళ్లు వచ్చాయి గానీ బుద్ధి రాలేదు.

తోడుగా మా పొలంలో పనిచేసే లచ్చవ్వను పంపారు. జనగామలో పొద్దున్నే ప్యాసింజరెక్కి, కాజీపేటలో బండి మారి, కేసముద్రంలో దిగేసరికి పదకొండు దాటింది. టికెట్లకు పెద్దగా ఖర్చు కాలేదు. అసలు కష్టం స్టేషన్ బయట మొదలైంది. మార్కెట్ ముందు ట్రాక్టరతన్ని అడిగితే, "గా ఊరికి ఇప్పుడేం దొరకయక్కా, నడుసుడే" అన్నాడు.

అక్క అత్తగారి ఊరికి నాలుగు మైళ్లు. నా చేతిలో ఒకే గొడుగు, లచ్చవ్వ నెత్తిన నా రేకుపెట్టె. పది అడుగులకోసారి ఆగి ముఖానికి పన్నీరు చల్లుకున్నాను. సగం దారిలో అది అయిపోయింది. లచ్చవ్వ ముందు నడుస్తుండగా, నా సంచిలో తాగడానికి తెచ్చుకున్న మరచెంబులో మిగిలిన మంచినీళ్లన్నీ బుడ్డిలోకి ఒంపేశాను.

కాసేపటికి ఆమె తుమ్మచెట్టు కింద పెట్టె దించింది. "బిడ్డా, నాలుక పిడచగట్టింది. ఒక్క బుక్కెడు నీళ్లియ్యి."

నేను మరచెంబు బోర్లించి చూపించాను. "అయిపోయినయ్ లచ్చవ్వా."

"సరే తియ్, పోదాం" అని కొంగుతో పెదవులు తుడుచుకుని మళ్లీ పెట్టె ఎత్తుకుంది. ఇక ఆమె ఎదుట బుడ్డి తీసే ధైర్యం నాకు లేకపోయింది. ఆ నీళ్లు ఆమె గొంతుకూ అందలేదు, నా ముఖానికీ అందలేదు.

ఒంటిగంటకు అక్క వాళ్ల ఇల్లు చేరాం. లచ్చవ్వ గోడకు చేరగిలబడి రెండు చెంబులు గటగటా తాగింది. అక్క అత్తగారు నా గడ్డం పట్టుకుని, "ఎండల నడిసొచ్చినట్టే లేదు, ముఖం ఎంత తేటగున్నది!" అంది. ఆ మాట కోసమే వచ్చినదాన్ని, తల ఎత్తలేకపోయాను.

సాయంత్రం పెరట్లో లచ్చవ్వ పక్కన కూర్చుని, "నా దగ్గర నీళ్లుండె" అన్నాను.

ఆమె పాదాలు ఒత్తుకుంటూనే, "ఎరుకే బిడ్డా. సంచిల గలగల ఇనబడుతనే ఉండె. నీకు సిగ్గయితదని మల్ల అడగలే" అంది.

తిట్టి ఉంటే ఏడ్చి తేలికపడేదాన్ని. అంత దాహంలోనూ నా పరువు గురించి ఆలోచించింది. నేనేమో బుక్కెడు నీళ్లు దాచాను. ఇన్నేళ్లయినా తలుచుకుంటే సిగ్గేస్తుంది. మీరు వేసవిలో అటు వెళితే పొద్దున తొమ్మిదిలోపే నడక ముగించండి. ముఖానికి ఏం చల్లుకున్నా తాగే నీళ్లు మాత్రం వేరుగా పెట్టుకోండి. ఆ చెంబు మీ సంచిలో కాదు, బరువు మోసేవాళ్ల చేతికి ఇవ్వండి.