బట్టీకి బిగించిన గడియారం

ఈ ఉదయం మా తోటలో కొబ్బరి ఎండబెట్టే బట్టీకి చేత్తో తిప్పే పాత మీట పీకేసి, వేళకు తనంతట తనే మంట తగ్గించే గడియారం పెట్టె బిగించాను. మలయాకు మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చినా కమ్యూనిస్టుల కోసం తిరిగే ఎమర్జెన్సీ గస్తీ ఆగలేదు కదా, మధ్యాహ్నం వచ్చిన కానిస్టేబుల్ రాములు ఆ టిక్కుటిక్కు విన్నాడు. వాడి అన్న పోయిన నెలే బాంబు పేలి చనిపోయాడు.

“ఏటిది?” అంటూ బట్టీ చూసే అప్పన్న తాత మూతి మీద తుపాకీ మడమతో కొట్టాడు.

“గడియారం, నాయనా.”

“గడియారం గోడకుంటాది. పొయ్యికేటి?” అని ఇంకోటి కొట్టి, పెట్టెను తుపాకీతో పేల్చేశాడు.

నేను పరుగెత్తుకొచ్చేసరికి తాత రెండు పళ్లు ఉమ్మేసి, బట్టీ గోడకు అరచెయ్యి ఆనించి, “మంట ఎక్కువైనాది బాబూ, తగ్గించాల” అన్నాడు.

గస్తీవాళ్లకు ముందే చెప్పడం మరిచింది నేను, పళ్లు పోయింది తాతకు. తోట దొర ఇంకో పెట్టె తెప్పిస్తానన్నాడు, పళ్ల మాట ఎత్తలేదు. మీరైతే దాన్ని బిగించడానికి ఏ ముఖంతో వెళ్తారు?