నాయన కుడి అడుగు

బి.పి.ఎడ్. అనే వ్యాయామ విద్య కోర్సు చదివిన రెండేళ్లలో నేను తప్పిన పరీక్ష ఒక్కటే, బయోమెకానిక్స్. మనిషి కదిలేటప్పుడు ఎముకలు, కండరాలు, మోసే బరువు, కాలికింది నేల కలిసి ఎలా పనిచేస్తాయో చెప్పే సబ్జెక్టు అది. ఇంటర్నల్ పరీక్షలో ఇరవైకి నాలుగు వచ్చాయి. గుండు విసరడంలో మాత్రం మా కాలేజీ ఆడపిల్లలందరికన్నా నేనే ముందుండేదాన్ని. గుండును ఏ క్షణంలో వదలాలో నా భుజానికి తెలుసు. ఆ వదిలే కోణం గురించి రాయమంటే పెన్ను కదిలేది కాదు. ఆలూరు దగ్గరి పల్లెలో తెలుగు మీడియంలో చదివి వచ్చినదాన్ని నేను. కడప కాలేజీలో పుస్తకాలన్నీ ఇంగ్లీషువి. మీట, ఆధారం అని చిన్నప్పుడు నేర్చుకున్న మాటలే అక్కడ లివర్, ఫల్‌క్రమ్ అయి కనిపిస్తే గుర్తుపట్టలేకపోయాను.

ఆ సబ్జెక్టు చెప్పే మేడం నన్ను స్టాఫ్ రూముకు పిలిపించారు. తిడతారనుకుంటూ వెళ్లాను. ఆమె నా జవాబు పత్రాన్ని పక్కకు జరిపి, "నువ్వు గుండు వేస్తాంటే చూసినా. నీ ఒంటికి ఈ సబ్జెక్టు వచ్చు. నీకే ఇంకా రాలేదు" అన్నారు. మార్కులు సరిచేసుకోవడానికి ఒక ప్రాజెక్టు ఇచ్చారు. రోజూ ఒళ్లొంచి పనిచేసే మనిషినొకరిని ఫోనులో వీడియో తీయాలి. కీళ్ల దగ్గర గుర్తులు పెట్టి, ఒక్కో బొమ్మను కాగితం మీదకు ఎత్తుకుని, ఏ కీలు ఎంత వంగిందో, బరువు ఎటు పడుతోందో రాయాలి. తెలుగులో రాసినా ఫర్వాలేదన్నారు.

తోటివాళ్లంతా ఆటగాళ్లను ఎంచుకున్నారు. నేను మా నాయనను ఎంచుకున్నాను. అందుకు పెద్ద ఆలోచనేమీ లేదు. ఆ వారం ఎలాగూ ఇంటికి పోవాల్సి ఉంది.

మా నాయన కర్నూలు మార్కెట్ యార్డులో హమాలీ. ఊళ్లో మాకున్న కొద్దిపాటి మెట్టభూమి వరసగా కొన్నేళ్లు ఏమీ ఇవ్వకపోతే అమ్మానాయనలు కర్నూలు పక్కనున్న కల్లూరు వచ్చి అద్దె ఇంట్లో కాపురం పెట్టారు. పొద్దున్నే షేర్ ఆటోలో యార్డుకు పోవడం, పొద్దు వాలేదాకా ఉల్లిగడ్డ సంచులు మోయడం ఆయన పని.

నేను వెళ్లిన రోజు యార్డు నిండా సరుకు దిగి ఉంది. ఉల్లిపొట్టు గాలికి లేచి కాళ్లకు చుట్టుకుంటోంది. నాయన భుజం మీద, తుంటి దగ్గర, మోకాలి దగ్గర, చీలమండ దగ్గర తెల్ల ప్లాస్టర్ ముక్కలు అంటించాను. తోటి హమాలీలు పని ఆపి చూశారు. నీ కూతురు నీకు పరీక్ష పెడుతోందా అని ఒకాయన నవ్వాడు. నాయన సిగ్గుపడ్డాడు కానీ కాదనలేదు. ఇద్దరు అటూ ఇటూ పట్టి సంచిని లేపితే, నాయన వీపు వంచి కిందికి దూరి, మెడకూ భుజాలకూ మధ్య దాన్ని కూర్చోబెట్టుకున్నాడు. చిన్నచిన్న అడుగులతో లారీ దాకా పోయి, వాలుగా వేసిన బల్ల ఎక్కి, సంచి దించి వచ్చాడు. పక్కనుంచి ఐదారుసార్లు వీడియో తీశాను.

బరువును నేల మీదినుంచి ఎత్తేటప్పుడు నడుము నిటారుగా ఉంచి మోకాళ్లు వంచాలని మాకు పాఠం ఉంది. సంచిని అలా ఎందుకు ఎత్తరని అడిగాను. నాయన ఆ పాఠాన్ని శ్రద్ధగా విన్నాడు.

"చెప్పింది నిజమే పాపా. పదిసార్లయితే అట్ల ఎత్తొచ్చు. పొద్దున్నించి రెండు నూర్లసార్లు కూర్చొని లేస్తే మోకాలు నిలుస్తాదా? అందుకే ఇద్దరు లేపుతారు, ఒకరు మోస్తారు."

ఆ మాటను అలాగే నోటుబుక్కులో రాసుకున్నాను.

కడపకు తిరిగి వచ్చి కాలేజీ కంప్యూటర్ తెర మీద పలచటి కాగితం పెట్టి బొమ్మలు గీయడం మొదలుపెట్టాను. రెండు రోజులు పట్టింది. భుజం నుంచి తుంటికి ఒక గీత, తుంటి నుంచి మోకాలికి ఒకటి, మోకాలి నుంచి చీలమండకు ఇంకొకటి. సంచి బరువు సరిగ్గా పాదాల మీదకు పడేలా నాయన ఎంత వంగాలో అంతే వంగుతున్నాడని ఆ గీతల్లో కనిపించినప్పుడు, గురుత్వ కేంద్రం అనే మాట మొదటిసారి నాకు అర్థమైంది. ఆ సంతోషంలో ప్రాజెక్టులో లేని పని ఒకటి చేశాను. మడమ నేలకు ఆనినప్పటి నుంచి వేళ్లు నేలను వదిలేదాకా ఎన్ని ఫ్రేములున్నాయో ఒక్కో అడుగుకూ లెక్కపెట్టాను.

ఎడమ పాదం నేల మీద ఉన్నంతసేపు కుడి పాదం ఉండడం లేదు. మళ్లీ లెక్కపెట్టాను. వేరే వీడియోలో చూశాను. అన్నిట్లోనూ అంతే. కుడి కాలు నిప్పు తొక్కినట్టు నేలను త్వరగా వదిలేస్తోంది. ఈ ప్రాజెక్టు కూడా తప్పుతానన్న భయంతో మేడం దగ్గరికి పోయి, నా లెక్క ఎక్కడో తప్పింది, చూడండి అన్నాను.

ఆమె వీడియో మూడుసార్లు చూశారు.

"లెక్క సరిగానే ఉంది. మీ నాయనకు కుడి కాలు నొప్పి. ఎప్పట్నించో ఉన్నట్టుంది. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. అమ్మకూ చెప్పలేదని ఫోన్ చేస్తే తెలిసింది. నాయనను అడిగితే, నొప్పీ లేదు ఏమీ లేదు, నువ్వు బాగా చదువుకో అని ఫోన్ పెట్టేశాడు.

శనివారం మధ్యాహ్నం కర్నూలు బస్సెక్కాను. మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల దాటేదాకా ఒక్కటే ఆలోచన. పోయిన వారం ఆ మనిషి ఎదురుగానే నిలబడి మోకాలికి ప్లాస్టర్ అంటించాను. ఆ కాలు నొస్తోందని నా చేతికి ఎందుకు తెలియలేదు? గీతలు గీయడానికి పనికొచ్చే చుక్కగానే ఆ మోకాలిని చూశాను.

మరుసటి రోజు చర్చిలో నాయన వెనక వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. అంతకుముందెప్పుడూ ముందు చాప మీద కూర్చునేవాడు. ప్రార్థనలో అందరూ మోకరిస్తే ఆయన తల వంచుకుని కూర్చునే ఉన్నాడు. వయసొస్తోంది కదా అని అమ్మ అనుకుందట. ఇంటికి వచ్చాక గుమ్మం మెట్టు మీద ఆయన పక్కన కూర్చుని ఫోనులో వీడియో పెట్టి, కుడి పాదాన్నీ ఎడమ పాదాన్నీ ఒక్కో ఫ్రేముగా చూపించాను. ఆయన తన నడకను అలా చూడడం అదే మొదలు.

"మూడు నెలల కింద, వానల్లో బల్ల మింద కాలు జారింది. సంచితోపాటే పడినా. మోకాలు మెలిదిరిగింది."

మూడు నెలలు ఎందుకు దాచావని అడిగాను.

"కుంటుతాండానని తెలిస్తే గుంపులోనించి తీసేస్తారేమోనని. నువ్వు సదువు ఇడిసిపెట్టి వచ్చేస్తావని అంతకన్నా భయం."

అమ్మ లోపలినుంచి వచ్చి ఆయన పంచె పైకి జరిపి మోకాలు చూసింది. ఆ పూట మా ఇంట్లో ఎవరమూ సరిగా అన్నం తినలేదు.

సోమవారం పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. ఎముక బాగానే ఉందన్నారు. మోకాలి కీలు లోపల మెత్తగా ఉండే పొర కొంచెం చిరిగిందని, ఇప్పటికైతే ఆపరేషన్ అవసరం లేదని, రెండు నెలలు బరువు మోయకుండా తొడ కండరం బలపడే వ్యాయామాలు చేయాలని చెప్పారు. ఫిజియోథెరపీ గదిలో టేపుతో రెండు తొడలూ కొలిచారు. నొప్పి వల్ల వాడకపోవడంతో కుడి తొడ ఎడమదానికన్నా రెండు వేళ్లంత తగ్గింది. డాక్టర్ల మాటలకన్నా ఆ టేపే నాయనను ఎక్కువగా కదిలించింది. "నాకు తెలీకుండానే నా కాలు తరిగిపోయింది సూడు" అని దారి పొడవునా అంటూనే ఉన్నాడు.

హమాలీల గుంపును నడిపే మేస్త్రీతో మాట్లాడే పని నా మీద పడింది. ఆయన పెద్దమనిషి, యార్డులో అందరికీ ఆయనంటే జంకు. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఫోను తీసి వీడియో చూపించబోయాను. ఆయన వద్దని చెయ్యి ఊపాడు.

"నేను శానా దినాల్నించి సూస్తానే ఉండానమ్మా. అడిగితే యాడ నొచ్చుకుంటాడోనని అడగలేదు" అని నాయన వైపు తిరిగి, "మొదుట్లోనే చెప్పింటే బాగుండు గదప్పా" అన్నాడు.

కాలు బాగయ్యేదాకా సంచుల మూతులు కుట్టే పనిలో కూర్చోమన్నాడు. మేము ఇంట్లో ఊహించి భయపడినదంతా ఆ ఒక్క మాటతో తేలిపోయింది. నాయన భయం పూర్తిగా ఉత్తదని మాత్రం అనను. ఆయనకన్నా ముందు ఇద్దరిని అలాగే తీసేశారని తర్వాత తెలిసింది.

వ్యాయామాలు నేనే నేర్పాను. తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టి పది అంకెలు లెక్కపెట్టేదాకా నొక్కి పట్టడం, కాలు చాపి జానెడెత్తు లేపడం, కొన్నాళ్లయ్యాక కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేవడం. యాభై కిలోలు మోసే మనిషికి ఉత్త కాలు లేపడం ఎగతాళిలా అనిపించింది. రెండో రోజే తొడ వణికింది. అప్పుడు నమ్మాడు.

అంతా సాఫీగా సాగలేదు. నాలుగో వారంలో, లారీకి తొందరగా ఉందని ఎవరూ చూడకుండా రెండు సంచులు మోశాడు. మోకాలు మళ్లీ వాచింది. అమ్మ ఫోన్ చేసి చెబితే, నేను హాస్టల్ వరండాలో నిలబడి ఆయనను చాలా మాటలన్నాను. ఇంత చదువూ ఎవరికోసమని కూడా అన్నాను. మర్నాడు నేనే ఫోన్ చేసి క్షమించమన్నాను. "పొద్దున తువ్వాలు పనీ, కాలు లేపే పనీ రెండూ చేసినా" అన్నాడాయన. మా మధ్య రాజీ అంతటితో కుదిరింది.

ప్రాజెక్టు చదివాక మేడం మా క్లాసును ఒకరోజు యార్డుకు తీసుకొచ్చారు. విద్యార్థులు అడుగులు కొలిచారు. హమాలీలు సంచి కిందికి దూరడం ఎలాగో మాకు చూపించారు. మాలో ఇద్దరు బలశాలులు ప్రయత్నించి కూలబడ్డారు. మేడం బల్ల వాలును కొలిచి, ఇది మరీ నిట్రంగా ఉంది, పొడుగు బల్ల వేసి అడ్డపట్టీలు కొడితే ఎక్కేవాళ్ల మోకాళ్ల మీద భారం తగ్గుతుందని మేస్త్రీకి చెప్పారు. లారీల మధ్య అంత పొడుగు బల్లకు చోటు లేదని వ్యాపారులు ఒప్పుకోలేదు. అడ్డపట్టీలు మాత్రం నెల తర్వాత పడ్డాయి. అంతకుముందు వాన రోజుల్లో గోనెపట్టా పరిచి ఎక్కేవాళ్లట.

సెమిస్టర్ పరీక్షలో నడక గురించి ఒక ప్రశ్న వచ్చింది. ఎవరి నడకను తలచుకుని రాశానో చెప్పక్కర్లేదు. ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. నాయన మూడు నెలలకు మళ్లీ సంచి ఎత్తుకున్నాడు. ఆ వారం వీడియో తీసి లెక్కపెట్టాను. రెండు పాదాలూ దాదాపు సమానమే. కొంచెం తేడా మిగిలే ఉంది, అది ఇక పోకపోవచ్చని ఫిజియో ముందే చెప్పారు.

ఇప్పుడు నేను కర్నూలులో ఒక బడిలో పి.ఇ.టి.గా ఉన్నాను. నాయన నిరుడు మోత మానేసి కాటా దగ్గరి పనికి మారాడు. రోజంతా స్టూలు మీద కూర్చోవాలి. దాంతో కొత్తగా నడుము పట్టేస్తోందని ఫిర్యాదు.

"మోస్తాంటే మోకాలు, కూసుంటే నడుము. దీనికేం రాసినారు పాపా మీ పుస్తకాల్లో?" అని మొన్న అడిగాడు.

లేచి నడవమని రాశారని చెప్పాను. సాయంత్రం బడి వదిలాక ఇద్దరం కె.సి. కాలువ గట్టు వెంబడి నడుస్తున్నాం. ఆయన నాకన్నా వేగంగా నడుస్తాడు. కాసేపయ్యాక ఆగి, నేను వచ్చేదాకా చూస్తాడు.