మావయ్య ఆగునా, ఆగడా?

ప్రతి పనికీ ఒక ముగింపు ఉంటుందనీ, బుద్ధిమంతుడు దానిని ముందుగానే కనిపెట్టగలడనీ నేను నిండు మనసుతో నమ్మిన రోజులు కొన్ని ఉండేవి. ఆ రోజుల్లో నా చొక్కా మడత నలిగేది కాదు, నా గడియారం తప్పేది కాదు, నా మాటకు తిరుగుండేది కాదు (ఈ మూడవది నా అభిప్రాయం మాత్రమేనని తరువాత తెలిసింది). మావాళ్ళంతా పొట్టకూటికి వచ్చి చేరిన హిందీ ప్రాంతపు ఉక్కు పట్టణంలో, జాముల్ దగ్గర ఒక చిన్న కర్మాగారపు కంప్యూటర్ విభాగంలో అప్పుడే ఉద్యోగంలో చేరాను. విభాగమంటే ఒక గది, ఒక యంత్రం, చెప్పులు బయట విడువవలెనని నేను స్వహస్తాలతో అంటించిన హెచ్చరిక. ఎవరైనా ప్రోగ్రాం రాసి తెచ్చి నడిపితే, అది ఒక్కొక్కప్పుడు పని ముగించి బుద్ధిగా ఆగేది. ఒక్కొక్కప్పుడు గానుగెద్దులా తిరిగినచోటే తిరుగుతూ, యంత్రాన్ని మరెవరికీ దక్కనిచ్చేది కాదు. ఈ అరాచకాన్ని సహించలేక నేనొక ప్రోగ్రాం రాయడానికి పూనుకుని, దానికి 'పరీక్షాధికారి' అని నామకరణం చేశాను. ఏ ప్రోగ్రామును అప్పగించినా, దానిని తన కడుపులోనే మెట్టు మెట్టుగా నడిపించి చూసి, 'ఆగును' అనో 'ఆగదు' అనో తీర్పు చెప్పడం దాని విధి.

ఈ ఘనకార్యాన్ని మా లెక్కల అక్కకు వివరించాను. ఆమె మా పెదనాన్న కూతురు. సెక్టర్ 4లో పిల్లలకు గణితం బోధించేది. చేటలో బియ్యం ఏరుతూ అంతా విని, తల ఎత్తకుండానే అడిగింది.

"నడిపి చూశావు, ఆగింది. 'ఆగును' అన్నావు. బాగుంది. ఆగలేదనుకో, 'ఆగదు' అని ఎప్పుడంటావు?"

"కొంతసేపు చూసి."

"ఎంతసేపు?"

"తగినంతసేపు."

"నువ్వు 'ఆగదు' అన్న మరుక్షణం అది ఆగితే?"

"అంత అల్లరి ప్రోగ్రాములు మా విభాగంలో ఉండవక్కా," అన్నాను గంభీరంగా.

"నీ తీర్పు ఏమిటో ముందే విని, సరిగ్గా దానికి ఎదురు నడిచే ప్రోగ్రాం ఒకటి ఎవరైనా రాస్తేనో?"

"అంతటి వక్రబుద్ధి ఎవరికుంటుంది?" అన్నాను. అక్క చేట కిందపెట్టి నన్ను జాలిగా చూసింది.

ఇక్కడ మా మావయ్యను ప్రవేశపెట్టాలి. అమ్మకు తమ్ముడు, వారంలో ఆరు రోజులు క్రేను నడిపేవాడు, ఏడవ రోజు రాజు. అదే పట్టణంలోని ఖుర్సీపార్‌లో స్థిరపడ్డ మా శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళందరం కలిసి ఏటా ఒక పద్యనాటకం ఆడేవాళ్ళం. ఆ ఏడు నాటకం మాలోనివాళ్ళే రాసినది. చివరి అంకంలో రాజు కిరీటం రాణికి అప్పగించి అడవులకు పోవాలి. కానీ మావయ్య పద్యమెత్తుకుంటే రాగం ఎక్కడ దిగుతుందో ఆయనకే తెలియదు. దిగగానే జనం 'వన్స్ మోర్' అని అరిచేవారు. అలా అరవడం ప్రేక్షకుల హక్కు, మళ్ళీ పాడడం నటుడి ధర్మం. అంతకుముందు ఏడు ఇలాగే సాగదీయడంతో, మాకు హాలు ఇచ్చే తాళాల భయ్యా (అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, నడుముకు వేలాడే తాళాలే ఆయన పేరు) ఈసారి గట్టిగా చెప్పేశాడు: "ఛే బజే మత్‌లబ్ ఛే బజే, బాబూ. నహీ తో అగ్లే సాల్ సే హాల్ భూల్ జాయియే." సాయంత్రం ఆరు దాటితే మాకు ఇక ఆ హాలు లేదు. వేరే హాలు మాకెవరూ ఇవ్వరు. అంటే నాటకమే లేదు. నాటకసంఘానికి కార్యదర్శిని నేనే. "పూచీ నాది," అన్నాను.

పెద్దలు సందేహించారు. వారికి నేను నా శాస్త్రీయ పద్ధతిని వివరించాను. నాటకానికి ముందరి ఆదివారం దాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒకసారి నడిపి చూద్దాం. ఎప్పుడు ఆగుతుందో తెలిసిపోతుంది. ఒక స్కూలు వరండాలో పొద్దున్నే మొదలుపెట్టాం. మావయ్య చివరి అంకంలో పెద్ద పద్యం అందుకున్నాడు. రాగం దిగిందో లేదో, ఉప్మా గిన్నెలతో వచ్చిన ఆడవాళ్ళు, వాళ్ళ పిల్లలు ఒక్క గొంతుతో "వన్స్ మోర్!" అన్నారు.

"ఇది రిహార్సలు! ఇక్కడ వన్స్ మోర్‌లు చెల్లవు!" అని లేచాను.

"జనం అడిగితే పాడకుంటే అది నాటకమేటిరా?" అన్నాడు మావయ్య. "నీకు నాటకం కావాలా, నాటకం బొమ్మ కావాలా?"

ఆయన మాటలో న్యాయముంది. వన్స్ మోర్ తీసేస్తే అది మా నాటకం కాదు. ఉంచితే రిహార్సలు కూడా నాటకంలాగే ముగియదు. ఎండ వరండాలోకి వచ్చింది. ఉప్మా చల్లారింది. 'ఇక ఆగదు' అని ప్రకటించడానికి నేను లేచిన ప్రతిసారీ రాగం దిగుతున్నట్టే వినిపించేది. కూర్చుంటే మళ్ళీ పైకి ఎగిరేది. చివరకు హార్మోనియం వాయించే ఆయన మధ్యాహ్నపు బి షిఫ్టుకు వేళయిందని పెట్టె మూసి వెళ్ళిపోయాడు. ఆగడం వేరు, ఆపబడడం వేరు. నాకు తెలిసిందల్లా, ఏమీ తెలియలేదనే. అయినా కార్యదర్శి హోదాలో, "అంతా సవ్యంగా ముగుస్తుంది," అని ప్రకటించాను.

నాటకం రోజు రానే వచ్చింది. అయిదు దాటాక మావయ్య పెద్ద పద్యం ముగించాడు. ఎందుచేతనో జనం ఆ క్షణాన ఊరుకున్నారు. తెరపక్క నిలబడి, పెద్దలతో సంతోషం పట్టలేక కాస్త గట్టిగానే అన్నాను: "చూశారా? మావయ్య ఇక్కడితో ఆగుతాడు. నేను ముందే చెప్పాను."

రాజుగారు విన్నారు. వేదిక మీద నుంచే తల తిప్పి, "నేనెప్పుడాగాలో నువ్వు సెప్తావేటిరా?" అని, జనం వైపు తిరిగి, "బాబులూ, ఇంకోపాలి పాడీమంటారా?" అని అడిగారు. ఏ జనం వద్దంటారు?

పాట మళ్ళీ మొదలైంది. మా తరువాత హాలు తీసుకున్న పెళ్ళివారి వంటగిన్నెలు గుమ్మంలోకి వచ్చేశాయి. తాళాల భయ్యా తన గుత్తి ఆడిస్తూ మొదటి వరుసలోకి వచ్చి నిలబడ్డాడు. "అయిపోయింది. ఈయన ఇక ఆగడు. హాలు పోయినట్టే," అని తెరపక్కనే కూలబడ్డాను.

రాగం మధ్యలో తెగింది.

"ఆగనా? ఆగలేననుకున్నావేటి?" అన్నాడు మావయ్య. కిరీటం తీసి చంకలో పెట్టుకుని, "తెర వొదలండి," అని లోపలికి వచ్చేశాడు. కిరీటం అందుకోవడానికి చేతులు చాచి నిలబడ్డ రాణి (ఆ వేషం మా వీధి టైలరుది) అలాగే ఉండిపోయింది. ఆరు కొట్టకముందే హాలు ఖాళీ అయింది. "టైమ్ కే పక్కే హైఁ తెలుగు లోగ్," అని మా వేళపాలనను మెచ్చుకుంటూ భయ్యా నా భుజం తట్టాడు.

బయట మెట్ల మీద అక్క కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. "అంతటి వక్రబుద్ధి ఎవరికుంటుందన్నావు కదా?"

"అయితే అక్కా, నేను అనుకున్నదానికి తలకిందులుగా చెబితే సరిపోతుంది కదా?" అన్నాను, ఇంకా ఓటమి ఒప్పుకోని గొంతుతో.

"చెప్పు. ఆ చెప్పింది కూడా తీర్పే. దాన్నీ విని, దానికీ ఎదురు నడుస్తాడు. మిగతా నటులందరి సంగతీ నువ్వు సరిగ్గా చెప్పగలవేమో. కానీ అందరికీ పనికొచ్చే పరీక్షాధికారి ఉండదని తేలడానికి ఇలాంటివాడు ఒక్కడు చాలు."

మరునాడు పరీక్షాధికారిని నేనే చెరిపేశాను. దాని స్థానంలో, కొంత గడువు దాటితే ప్రోగ్రామును నిలిపివేసి 'తెలియదు' అని రాసే చిన్న ఏర్పాటు చేశాను. ఆ ఒక్క మాట రాయడం నావంటి మనిషికి ఎంత కష్టమో యంత్రానికేం తెలుస్తుంది?

హాలు మాకు దక్కింది. నేటికీ ప్రతి ఏడూ ఇస్తున్నారు. మావయ్య లేడు, పద్యాలూ లేవు. మొన్నటి కార్యక్రమంలో మనవల వయసు పిల్లలు రికార్డు పాటలకు నృత్యం చేశారు. ప్రతి పాటా ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. ప్రకటించిన వేళకు అంతా ముగిసింది. జీవితమంతా నేను కోరిన క్రమశిక్షణ అదే. అందరూ టిఫిన్ల వైపు వెళ్ళిపోయారు. కుర్చీలు సర్దుతున్న హాలు పనమ్మాయి నా దగ్గరకు వచ్చి, "ఖతమ్ హో గయా, అంకుల్‌జీ," అంది.

"తెలుసమ్మా," అన్నాను. తెలిసి కూడా, ఖాళీ వేదికను చూస్తూ మరికొంతసేపు కూర్చున్నాను.