సైకిలు చైనుకు బండి కందెన

కావలి బజారులో సైకిలు దుకాణం అతను రెండు చిన్న సీసాలు నా ముందు పెట్టి, ఒకటి ఎండకాలానికి, ఒకటి వానకాలానికి అన్నాడు. ఎండకు వేసేది నీళ్ళలా పలచగా ఉంది. దుమ్ము పట్టదట, కాని ఒక్క జల్లుకే కడుక్కుపోతుందట. వానకు వేసేది తేనెలా సాగుతోంది. నీళ్ళకు చెదరదు, కాని లింకు లింకుకూ ఒక్కో చుక్క వేసి, పైన మిగిలింది గుడ్డతో తుడిచెయ్యకపోతే దారిలో ఉన్న ఇసుకనంతా పట్టుకుంటుంది. ఈ వయసులో ఒకరి వెనక బండెక్కి కూర్చుని తిరిగే అలవాటు నాకు లేదు కనుక వానలోనూ సైకిలు తొక్కుతాను. రెండో సీసాలోది వేలికి రాసుకుని వాసన చూశాను. అడుగున ఎక్కడో ఆముదం మడ్డి వాసన. ఎవరి దుకాణంలోనూ కూర్చునేవాణ్ణి కాను. ఆ రోజు స్టూలు అడిగి కూర్చున్నాను.

మా ఊరు బోగోలుకు తూర్పున, సముద్రం హోరు పొలాల మీదుగా వినిపించేంత దగ్గర. దసరాకు ముందు మా ఇంట్లో రెండు వాసనలు కలిసి లేచేవి. వంటింట్లో జేజి, అంటే మా నాయనమ్మ, నేతితో మినపసున్ని ఉండలు చుట్టేది. పెరట్లో తాత మనుషులను పెట్టి ఆముదం వండించేవాడు. వేయించి దంచిన గింజలు పెద్ద బానలో కుతకుత ఉడుకుతుంటే ఆ ఘాటుకు మా కళ్ళు మండేవి, పశువులు తలలు విదిలించేవి. పైకి తేరిన నూనె దీపాలకూ, మా తలలకూ, నెలకొకసారి ముక్కు మూసి మా గొంతుల్లో పోయడానికీ. అడుగున మిగిలిన మడ్డి బండ్లకు. ఆ మడ్డిలో వరిగడ్డి కాల్చిన మసి పోసి తాత తన చేత్తోనే పిసికేవాడు. చెంబెడు నీళ్ళు కూడా మనిషి చేత తెప్పించుకునే ఆయన ఆ ఒక్క పనీ ఎవరికీ వదిలేవాడు కాదు. అదే బండి కందెన. వెదురు గొట్టంలో కూరి బండి కింద వేలాడదీసుకుని, అప్పుడప్పుడూ ఇరుసుకు పెడుతుంటే ఏడాది పొడుగునా బండి కుయ్యిమనేది కాదు. పక్క ఊళ్ళవాళ్ళు కొబ్బరి చిప్పలు పట్టుకుని మా కందెన కోసం వచ్చేవాళ్ళు. తాత పిలిచేదాకా, ఎండైనా వానైనా, వాకిట్లోనే నిలబడేవాళ్ళు.

కార్తీకంలో తుపాను పట్టిందంటే వారం పది రోజులు ఆకాశం తెరిపియ్యదు. పెరడంతా బురద, ఉప్పుగాలికి తలుపు గడియలు తుప్పెక్కి చేతులకు ఎర్రగా అంటేవి, దండేల మీద బట్టలు ఆరక ముక్కవాసన కొట్టేవి. మాకు పిల్లలకు వసారా దాటి ఆట లేదు. గొట్టంలోంచి పుల్లతో కాస్త కందెన గీకి చీమల బారుకు అడ్డంగా గీత గీసేవాళ్ళం. గీత మీద కాలు పెట్టిన చీమ మళ్ళీ కాలు తీయలేదు. ఎవరి చీమ ఎక్కువసేపు కొట్టుకుంటే వాళ్ళు గెలిచినట్టు. పడక కుర్చీలోంచి తాత తీర్పు చెప్పేవాడు. ఓడినవాడి నెత్తిన మొట్టికాయ, గెలిచినవాడికి ఆ పూట చేపల పులుసులో నడిమి ముక్క.

నేను కాస్త పెద్దయ్యేసరికి బండ్లూ ఎద్దులూ అమ్ముడుపోయాయి. ఒక సైకిలు మిగిలింది. అయినా తాత దసరాకు కందెన పిసకడం మానలేదు. ఇరుసుకు పనికొచ్చింది చైనుకు పనికిరాదా అని పండగనాడు పసుపు కుంకుమలతో పాటు సైకిలు చైనుకు దాన్నే పూయించేవాడు. సైకిలు తొక్కేది మా చిన్నాయన, నాయనకు తమ్ముడు. అప్పటికింకా పెళ్ళి కాలేదు. కందెన పూసిన చైను ఎంత బరువుగా తిరుగుతుందో ఆయన పిక్కలకు తెలుసు. అందుకని పండగ దాటగానే దాన్ని గీకేసి, వానలకు ఏది నిలుస్తుందో తనకు తాను వెతుక్కునేవాడు. కుట్టుమిషను నూనె మొదటి జల్లుకే పోయింది. కొబ్బరినూనె చలికి పేరుకుంది. కిరసనాయిలు ఆరిపోయి మర్నాటికి తుప్పు మిగిల్చింది. వసారా గోడ మీద ఆయన సీసాలు వరసగా ఉండేవి. ఆడవాళ్ళు ఆయనను వైద్యుడు గారూ అని పిలిచి నవ్వేవాళ్ళు. చివరకు చేపలు పట్టేవాళ్ళ పల్లె నుంచి మరబోటు ఇంజనుకు పోసే చిక్కటి నూనె తెచ్చాడు. అది నిలిచింది.

ఆ ఏడు కార్తీకంలోనే చిన్నాయనకు కావలిలో ఒక బళ్ళో అయ్యవారి ఉద్యోగం వచ్చింది. సోమవారం ప్రార్థన గంట కొట్టేలోపల వచ్చి చేరాలి, రాకపోతే వరసలో రెండో అతన్ని తీసుకుంటాం అని కబురు చేశారు. వాగు పొంగి బస్సులు నిలిచిపోయాయి. సైకిలైతే భుజాన వేసుకుని దాటొచ్చు. ఆదివారం మధ్యాహ్నం ఆయన చైనుకు నూనె వేసి తుడుస్తుంటే తాత కుర్చీలోంచి లేచి వచ్చాడు. చైను మీద వేలు రాసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“ఏందిరా ఈ నీచు కంపు?”

“ఇంజను నూనె నాయనా. పల్లెలో ఇచ్చినారు. వానకు నిలస్తాది.”

“మన కందెన కోసరం ఊళ్ళు ఊళ్ళు మన వాకిట్లో నిలబడినాయి. నువ్వు పోయి పల్లెలో సీసా పట్టుకోని నిలబడినావా? ఒకడు గంట కొడితే లేచి నిలబడే ఉజ్జోగం గదా, ఇప్పట్నించే నేర్చుకుంటా ఉండావా అబ్బయ్యా?”

వంటింట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. చిన్నాయన తల వంచుకున్నాడు.

“పోబాక అనలేదు నేను. పో. ఈ ఇంట్లోంచి పోయే బండి ఈ ఇంటి కందెనతో పోతాది. కడుగు.”

జేజి గడప దాకా వచ్చింది. “వాణ్ణి పోనీండి. ఒక్క దినానికి మీ సొమ్మేం పోతాది?”

“నీ నోరు పొయ్యి కాడ పెట్టుకో” అన్నాడు తాత.

చిన్నాయన కిరసనాయిలుతో చైను కడిగాడు. ఆయన పెడలు తిప్పుతుంటే తాత రెండు వేళ్ళతో గొట్టంలోంచి కందెన తీసి, చైను కనపడకుండా మెత్తాడు.

సోమవారం తెల్లవారుతూనే, వానలో, చిన్నాయన చలవ చేసిన తెల్లపంచ మోకాళ్ళ దాకా ఎగగట్టి బయలుదేరాడు. అన్నాల వేళకు తిరిగి వచ్చాడు. సైకిలు భుజాన ఉంది. తెగిన చైను మెడలో వేలాడుతోంది.

తాత కుర్చీలోంచి కదలలేదు. “రాండి అయ్యవారూ, అప్పుడే బడి వదిలినారా? మొదటి దినమే దండ గూడా వేసినారే!”

ఇల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను. తాత నవ్వినప్పుడు నవ్వడం మా ఇంటి పద్ధతి. జేజి మాత్రం నవ్వలేదు.

“ఎట్ట తెగిందిరా?” అంది.

చిన్నాయన మోచేతుల దాకా అంటుకున్న నల్లటి కందెన వైపు చూసుకున్నాడు. జేజి కూడా అటే చూసింది. తరువాత తాత వైపు చూసింది. “నేను నడిచి పొయ్యేసరికి గంట కొట్టేసినారు. రెండో ఆయన చేరిపొయ్యినాడు” అని చెప్పి చిన్నాయన నూతి దగ్గరికి వెళ్ళాడు.

ఆ పూట నుంచి జేజి తాతతో మాట్లాడలేదు. వేళకు అన్నం పెట్టేది, వేణ్ణీళ్ళు తోడేది, చెప్పవలసింది స్తంభానికి చెప్పేది. “స్తంభమా, కూర చల్లారిపోతా ఉంది.” మొదట్లో తాత నవ్వాడు. తరువాత అరిచాడు. ఒకసారి విస్తరి తీసి స్తంభానికేసి కొట్టాడు. ఆమె ఊడ్చి, కడిగి, ఇంకొక విస్తరి వేసింది. ఏళ్ళు గడిచాయి. తాత మంచం పట్టాక, ఒక్కమాట మాట్లాడవే అని ఆమె కొంగు పట్టుకున్నాడు. ఆమె కొంగు విడిపించుకుని ఆయన నోట్లో చెంచాతో నీళ్ళు పోసింది. ఆ నీళ్ళే ఆఖరు. అవతల గుంజకు ఆనుకుని చిన్నాయన నిలబడి ఉన్నాడు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, దాని మీద రొయ్యల గుంట ఉంది. వాగుకు వంతెన వచ్చింది. ఆముదం వండేవాళ్ళు లేరు. కందెన అంటే నా పిల్లలకు అర్థం చెప్పాలి. చిన్నాయన కావలిలో నా అద్దె ఇంట్లోనే ఉంటున్నాడు. పెళ్ళి చేసుకోలేదు, మళ్ళీ సైకిలెక్కలేదు. ఇంటికి ఎవరొచ్చినా ఆయనను చూపించి, బతుకు పోయినా తండ్రి మాట దాటని మనిషి అని చెప్పేవాణ్ణి. మాకు మిగిలింది ఆ మాటే.

దుకాణం నుంచి వచ్చిన సాయంత్రం వాన కురుస్తుంటే ఇద్దరం వరండాలో కూర్చున్నాం.

“ఇంకొకడైతే ఊరు దాటంగానే ఆ కందెన కడిగేసుండును చిన్నాయనా” అన్నాను.

“కడిగినా” అన్నాడు.

“ఏందీ?”

“వాగు కాడ. పంచకు నల్లమరకలు పడినాయి. ఇంకా పడితే ఆ పంచతో బళ్ళోకి యాడ పొయ్యేది? చైను మీది కందెన నీళ్ళకు పోలేదు. గిన్నెలు తోమినట్టు ఇసక పోసి తోమినా. కొంచెం దూరం పోయినానో లేదో ఆ ఇసక్కి చైను కొరకొరమని పట్టేసింది. లేచి నిలబడి తొక్కినా. తెగింది.”

“అయితే తాత కందెన కాదా తెంచింది?”

“అది కావలి దాకా పోయుండును. బరువుగా పోయుండును గానీ, పోయుండును.”

“జేజికి చెప్పలేదా? ఆమె తాతతో అన్నేళ్ళు...”

“చూస్తానే ఉండా గదా. దినామూ చూస్తానే ఉండా.”

“ఆయన పొయ్యేటప్పుడైనా చెప్పొచ్చు గదా!”

చిన్నాయన వాన వైపు చూస్తూ, కోపం లేకుండా అన్నాడు. “ఏమైందిరా అని ఆయన నన్నొకసారైనా అడిగినాడా? అడిగుంటే చెప్పేవాణ్ణి.”

మా తాత ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాడు. ఆ మాట నేను ఇన్నాళ్ళూ గొప్పగా చెప్పుకుంటూ వచ్చాను.