తలకిందులుగా గీసిన కన్ను

నాచారంలో ఒక ఫ్యాక్టరీలో నాకు జీతం ఇచ్చింది తప్పులు పట్టడానికే. డ్రాయింగ్ ఆఫీసులో నలుగురు గీసేవాళ్ళు, నేను చూసేవాణ్ణి. అనుమానపు పక్షి అని నా వెనకాల అనేవాళ్ళు. కొందరు నా ముందరే అనేవాళ్ళు. నాకు కోపం రాలేదు సరికదా, లోలోపల గర్వంగా ఉండేది. ఒకసారి ఎడమవైపు రావలసిన చిల్లును కుడివైపు గీస్తే, ఆ కాగితం కింద వర్క్‌షాపుకు పోకముందే పట్టుకున్నాను. మేనేజరు అందరి ముందూ నా భుజం తట్టాడు. ఆ సంగతి ఇంట్లో నా భార్యకు పదిసార్లయినా చెప్పి ఉంటాను.

ఆమె మా మేనమామ కూతురే. పెళ్ళయినా బావా అనే పిలిచేది. ఉప్పల్‌లో మిషన్ బడిలో ఒకటో తరగతికి చెప్పేది. ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ సరిగా ఆనదు. పలకలు దిద్దడం, ఆదివారం చర్చిలో నిలబడి వాక్యం చదవడం, అంతా కుడి కంటి మీదే. దానికీ మందపాటి అద్దం ఉండాల్సిందే.

డెబ్భైల మొదట్లో ఒక ఎండాకాలం, అన్నం వడ్డిస్తూ ఆగిపోయి అంది: "బావా, కుడి కంట్ల నల్లగ తెర లెక్క వస్తుంది. కిందికెల్లి మీదికి లేస్తుంది."

మూడు రోజుల నుంచి ఆ కంట్లో మెరుపులు మెరుస్తున్నాయట. "మరి చెప్పవేందే?" అని కసిరాను. "చెప్తే నువ్వు నూరు ప్రశ్నలడుగుతవ్" అంది. నిజమే, అడుగుతాను.

మర్నాడు రెండు బస్సులు మారి పెద్ద కంటి దవాఖానాకు తీసుకుపోయాను. డాక్టరు చిన్నవాడు, మాట వింటేనే తెలుస్తుంది కోస్తావాడని. అటువాళ్ళు, మనవాళ్ళు అని ఊరు ఊరంతా రెండుగా చీలి ఉన్న రోజులవి. అందరిలాగే నేనూ ముందు మాట తీరు చూసి, తర్వాతే మనిషిని చూసేవాణ్ణి. ఆయన గది చీకటి చేసి, ఆమెను బల్ల మీద పడుకోబెట్టి, నుదుటికి దీపం కట్టుకుని, చేత్తో ఒక భూతద్దం పట్టుకుని తల వెనక నిలబడి కంట్లోకి చూశాడు. ఆమె ఛాతీ మీద ఒక కాగితం పెట్టుకున్నాడు. అందులో ముందే అచ్చువేసిన గుండ్రటి గీత ఉంది. చూస్తూ, ఆగుతూ, అందులో ఎర్ర పెన్సిలుతో కొంత, నీలం పెన్సిలుతో కొంత నింపాడు.

పెన్సిలు పట్టిన చేతిని వదిలిపెట్టి చూపు తిప్పుకునే రకాన్ని కాను నేను. కాగితం తల ఆమె కాళ్ళ వైపు ఉంది. అంటే మనిషి పడుకున్న తీరుకు కాగితం తలకిందులు.

దీపం తీసేసి, ఆమెను లోపలే ఉంచి, నన్ను తలుపు అవతలికి పిలిచి ఆ కాగితం చూపిస్తూ ఆయన చెప్పాడు: "కన్ను లోపల వెనకాల ఒక పొర ఉంటుందండి. గోడ మీది కాగితంలా అది ఊడి వస్తోంది. ఈ నీలం అంతా ఊడిన భాగం. పైభాగాన చిరుగు ఉంది. నడిమి భాగం ఇంకా అంటుకునే ఉందండి, చదవడం అంతా దానితోనే. అది ఊడిందంటే తిరిగి అతికించినా అక్షరం కనపడదు. రేపు పొద్దున్నే ఆపరేషన్ చేస్తాను. సంతకం పెట్టండి."

పైభాగాన! ఆమె కిందనుంచి తెర లేస్తోందంటే ఈయన పైన చిరుగు అంటాడేమిటి? కాగితం తలకిందులుగా పెట్టుకుని గీశాడు, ఇంకేమవుతుంది! దొరికాడు అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో భయం కంటే ముందు సంతోషమే కలిగింది. ఇప్పటికీ దానికే సిగ్గుపడతాను.

"మీరు కాగితం తలకిందులు పెట్టిన్రు సార్" అన్నాను.

"అలాగే పెడతామండి. ఈ అద్దంలో నాకు అంతా తలకిందులుగా కనిపిస్తుంది, కాగితం తిప్పి గీస్తే సరిపోతుంది. ఇక ఆవిడకు కింద నలుపు కనపడుతోందంటే పైన ఊడినట్టే."

అబ్బో, ఏం సమాధానం! తప్పు పట్టినప్పుడల్లా మా కుర్రాళ్ళు చెప్పే సాకులాగే ఉంది. అప్పుడు అడిగాను: "పక్క గదిల కంటి ఫోటోలు దీసే కెమెరా ఉంది గద, ఫోటో దీయున్రి. చేత్తో గీసింది నేను నమ్మ."

"కెమెరాకు నడిమి భాగమే అందుతుందండి. చిరుగు అంచున ఉంది. దాన్ని కంటితో చూసి చేత్తో గీయాల్సిందే" అన్నాడు, గడియారం చూసుకుంటూ.

మిషను ఉండి కూడా వాడరట. పైగా చెడిన కన్ను ఒకటైతే, కదలకూడదని రెండు కళ్ళకూ కట్టు కట్టి వార్డులో వెల్లకిలా పడుకోబెట్టారు. ఆ కట్టు మీదా నాకు అనుమానమే. సంతకం పెట్టలేదు. ఇంకొక డాక్టరుకు చూపించాకే అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. "రోజులు లేవండి, గంటలే" అన్నాడు. భయపెడుతున్నాడు అనుకున్నాను.

ఆమెతో మాత్రం, "రేపు థియేటర్ ఖాళీ లేదంట, జర ఆగాలంట" అని చెప్పాను. "సరే బావా" అంది.

మర్నాడు వార్డులో ఎవరూ చూడకుండా ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, మంచానికి తగిలించిన, డాక్టరు గీసిన ఆ పటం మీద నా ట్రేసింగ్ కాగితం పరిచి, గీత గీతా దించుకున్నాను. ఎరుపుకు ఎరుపు, నీలానికి నీలం. ఆ పైరోజు పొద్దున దాన్ని తీసుకుని సికింద్రాబాదులో ఒక ముసలి కంటి డాక్టరు దగ్గరికి పోయాను. వరుసలో రెండు గంటలు కూర్చున్నాను. ఈ ఒక్క తప్పును ఆయన ముందు ఎలా పెట్టాలో మాటలు కూర్చుకుంటూ కూర్చున్నాను.

ఆయన కాగితం చూశాడు. నా మాటలు పూర్తి కానివ్వలేదు. "గీ పటం సరిగ్గనే ఉంది. ఎన్నటిది?"

"మొన్నటిది."

"మొన్నటిదా! పేషెంట్ ఏది?"

"దవాఖానాల ఉంది. పడుకోబెట్టిన్రు."

"ఆపరేషన్?"

"నేను సంతకం పెట్టలే." ఆయన కాగితం నా చేతిలో కుక్కాడు. "సినిమా మిషన్ల రీలు తలకిందులు ఎక్కిస్తేనే తెర మీద బొమ్మ సీదా పడుతది. కన్ను గూడ గంతే. ఉరుకు, పోయి సంతకం పెట్టు!"

బస్సులో కూర్చున్నాక గానీ నా బుర్రకు ఎక్కలేదు. వస్తువును పైనుంచి చూసిన రూపాన్ని కాగితం మీద కింద గీయడం మా ఆఫీసులో రోజూ చేసే పని. కొత్తగా వచ్చిన ప్రతివాడూ అది తప్పంటాడు. ప్రతివాడికీ నేనే నవ్వుతూ చెప్పేవాణ్ణి.

సంతకం పెట్టాను. తెల్లారి ఆపరేషన్‌కు ముందు ఆయన మళ్ళీ చూసి, మళ్ళీ గీశాడు. ఈసారి నీలం, చదవడానికి కావలసిన ఆ నడిమి భాగాన్నీ దాటి కిందికి దిగింది. ఆ కాగితం నాకు చూపించి థియేటర్‌లోకి పోయాడు. తిట్టినా బాగుండేది.

ఆపరేషన్ మంచిగానే అయింది. పొర అతుక్కుంది. ఆమెకు వాకిలి కనిపించేది, చెట్టు కనిపించేది, వచ్చే బస్సు కనిపించేది. దేన్ని తిన్నగా చూస్తే అది కనిపించేది కాదు. నా ముఖం కేసి చూస్తే చెవులు, జుట్టు ఉన్నాయట, ముఖం లేదట. బడి మానేసింది. చర్చిలో వాక్యం ఇంకెవరో చదివారు.

థియేటర్ ఖాళీ లేదన్న అబద్ధాన్ని నేను ఏళ్ళ తరబడి మోశాను. ఆమెకు తెలుసేమోనని ఒక అనుమానం, తెలియదులే అని ఒక ధైర్యం. పప్పులో ఉప్పు ఎక్కువైనా, అడిగిందానికి ముక్తసరిగా బదులిచ్చినా, తెలిసే చేస్తోందేమో అనుకునేవాణ్ణి. ఆ ట్రేసింగ్ కాగితాన్ని పారేయలేక, ఆమె ఇక తెరవదు కదా అని ఆమె బైబిలులోనే దాచాను.

ఒకనాటి మధ్యాహ్నం ఆమె పుస్తకాలన్నీ ఎండలో పెట్టింది. నేను హబ్సిగూడ నుంచి కూరగాయలు తెచ్చేసరికి వాకిట్లో కూర్చుని ఉంది. ఒళ్ళో ఆ కాగితం. మెడ పక్కకు వంచి, కంటి చివరి నుంచి చూస్తోంది.

"గిది నువ్వు గీసిందే గద బావా."

"నీకెట్ల తెలుసు?"

"కండ్లకు కట్టిన్రు గని చెవులకు గాదు గద. నా కాళ్ళకాడ కూసోని గీస్తుంటే పెన్సిల్ చప్పుడు ఇన్న. డాక్టరుతోని నువ్వు కొట్లాడింది గూడ ఇన్న."

"మరి అప్పుడే సంతకం పెట్టుమని ఎందుకు అనలే?"

"నేనెందుకంట? నువ్వు తప్పంటే తప్పే అనుకున్న. తప్పులు పట్టుడే గద నీ పని."

అంటూ కాగితాన్ని ఇటు తిప్పింది, అటు తిప్పింది. దాని మీద అక్షరాలేమీ లేవు, నేను రాసుకోలేదు. చివరికి నా వైపు చాచి అడిగింది.

"గీ కాగితంల మీది దిక్కు ఏది బావా?"

నేను పక్కన కూర్చుని, ఆమె వేలు పట్టుకుని, దాన్ని పైన, చిరుగు ఉన్న చోట పెట్టాను.